గాదెల్లో గింజలు – కడుపుల్లో మంటలు

“ధరలు మండిపోతున్నాయి” అన్న మాట వినపడని సంత లేదు. “గిట్టుబాటు లేదు” అన్న మాట వినపడని కల్లం లేదు. కొనేవాడు ధర ఎక్కువంటాడు. పండించేవాడు ధర చాలదంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. ఇద్దరి మాటా నిజమే అయినప్పుడు మధ్యలో ఎక్కడో తిరకాసు ఉండి తీరాలి. ఆ తిరకాసు ఏమిటో పట్నవాసులకంటే మన కోనసీమ రైతుకు, కూలికి తెలియడం ఎక్కువ అవసరం. ఎందుకంటే గోదావరి డెల్టా వడ్లు మిల్లు దాటి, కాకినాడ రేవు దాటి ఆఫ్రికా దాకా పోతున్నాయి. అక్కడి ఆకలికీ ఇక్కడి అప్పుకూ ఒకే తాడు ముడిపడి ఉంది.

ఆకలి గురించి రచ్చబండ మీద మాట వస్తే సాధారణంగా వినిపించే సమాధానం ఒకటే. జనం పెరిగారు, పంట చాలడం లేదు, అందుకే ధర పెరిగింది, అందుకే పస్తులు. వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేస్తే నిలబడదు.

కొరత గింజకు కాదు

ప్రపంచంలో వరి, గోధుమ, మొక్కజొన్న, జొన్న వగైరా తిండిగింజలన్నీ కలిపి ఏటా 280 కోట్ల టన్నులకు పైగా పండుతున్నాయి. జనాభా 800 కోట్లు దాటింది. పసిబిడ్డ మొదలు పండు ముసలి వరకు సమానంగా పంచితే తలకు ఏడాదికి 340 కిలోలు, అంటే నెలకు 28 కిలోలు వస్తాయి. మన రేషన్ కార్డు మీద నెలకు తలకు ఇచ్చేది 5 కిలోలు. ఇంత గింజ ఉండి కూడా 2024లో 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2025లో ప్రకటించాయి. పప్పు, కూర, పాలు, పండు కలిసిన మంచి భోజనం కొనుక్కోలేనివారు 260 కోట్ల మంది అని కూడా ఆ నివేదికే చెప్పింది.

మరి ఆ గింజ ఏమవుతోంది? దాదాపు మూడో వంతు పశువులకు, కోళ్లకు, పందులకు మేతగా పోతోంది. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా కార్లలో పోసే ఇథనాల్ తయారీకి పోతోంది. ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో పారేసిన తిండి 2022లో 105 కోట్ల టన్నులని లెక్క తేలింది. కనుక గింజ లేక కాదు. గింజ ఒకచోట, ఆకలి మరొకచోట ఉన్నాయి. మధ్యన ధర అనే గోడ ఉంది.

ఇది కొత్త సంగతి కాదు. మన పెద్దలు కథలుగా చెప్పుకున్న ధాత కరువు 1876లో మొదలై 1878 దాకా సాగింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ రోజుల్లోనే మన డెల్టాలో పంట ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి కట్టి పాతికేళ్లయింది. రైళ్లున్నాయి, రేవులున్నాయి. కానీ ధర పలికిన చోటికి గింజ పోయింది గాని, ఆకలి ఉన్న చోటికి పోలేదు. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి తెల్లదొర రిచర్డ్ టెంపుల్ సిఫారసు చేసిన రోజు కూలి ఒక పౌను గింజ, ఒక అణా. పౌను అంటే అరకిలో కూడా కాదు.

1943 బెంగాల్ కరువూ అంతే. చనిపోయినవారు 20 లక్షల నుంచి 30 లక్షలని అంచనాలు. ఆ సంవత్సరం బెంగాల్లో ఉన్న తిండిగింజలు 1941లో ఉన్నవాటికంటే తక్కువేమీ కాదని అమర్త్యసేన్ 1981లో వెలువరించిన గ్రంథంలో నిరూపించారు. 1941లో కరువు రాలేదు, 1943లో వచ్చింది. కారణం యుద్ధపు ఖర్చుతో బియ్యం ధర రెట్టింపులైంది, పల్లె కూలీల కూలి మాత్రం పెరగలేదు. బియ్యం బజారులో ఉంది. కొనే శక్తి చేతిలో లేదు.

1974లో బంగ్లాదేశ్‌లో జరిగింది మరీ చోద్యం. 1971 నుంచి 1976 వరకు చూస్తే తలసరి గింజ ఎక్కువగా ఉన్నది 1974లోనే. ఆ ఏడాదే కరువు వచ్చింది. వరదలకు వ్యవసాయ పనులు పోయి కూలి దొరకలేదు. వర్తకులు సరుకు బిగబట్టారు. క్యూబాకు గోనెసంచులు అమ్మిందన్న వంకతో అమెరికా తన గోధుమ సాయం ఆపింది. గోనెసంచి మీద తగాదా పెట్టుకుని అన్నం పళ్లెం లాగేసిన వైనం అది.

ఓడ ఆగితే ఎవరికి నష్టం?

పెద్ద దేశాలు ధర చూసి భయపడి తలుపులు మూసుకోవడం మరో కారణం. ఇందులో మన దేశానికీ భాగం ఉంది.

2007 అక్టోబరులో మన ప్రభుత్వం బాస్మతి కాని బియ్యం ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. 2008 ఏప్రిల్‌లో పూర్తిగా నిషేధించింది. వియత్నాం కూడా ఎగుమతులు బిగించింది. ఫిలిప్పీన్స్ కంగారుపడి ఎంత ధరకైనా కొంటామంది. జనవరిలో టన్ను 400 డాలర్ల లోపున్న థాయ్ బియ్యం మే నెలకు 900 దాటింది. హైతీలో జనం వీధుల్లోకి వచ్చారు, ఏప్రిల్‌లో ప్రధానమంత్రి పదవి పోయింది. ఆ సంవత్సరం ప్రపంచంలో వరి పంట దెబ్బతినలేదు. దెబ్బతిన్నది నమ్మకం. చివరికి తన గోదాముల్లోని దిగుమతి బియ్యాన్ని ఫిలిప్పీన్స్‌కు ఇవ్వడానికి జపాన్ సిద్ధమైందన్న వార్త మే నెలలో రాగానే ధర దిగసాగింది. ఒక్క బస్తా కదలకముందే దిగింది. కొరతకంటే భయం ఎంత పెద్దదో దీన్నిబట్టే తెలుస్తోంది.

మన దేశపు నిషేధం 2011 సెప్టెంబరు దాకా కొనసాగింది. ఆ మూడేళ్లలో మన ఊళ్లలో ఏమైంది? ఎరువు ధర పెరిగింది. కూలి పెరిగింది. ధాన్యం మిల్లుల్లో, గోదాముల్లో పేరుకుని కొనే నాథుడు లేకపోయాడు. మురుగు కాల్వలు పూడిపోయి చేలు మునిగాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. అన్నం పెట్టే చేయి “ఇక మా వల్ల కాదు” అన్నది దేశమంతా విన్నది. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన విచారణ సంఘాన్ని వేసింది. పంట విరామానికి కారణాలు అనేకం. అందులో మూసిన రేవు ఒకటి.

అది గుణపాఠం కావలసింది. కాలేదు. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి నిషేధించారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం మొత్తాన్ని ఆపారు. అప్పటికి ప్రపంచ బియ్యం వర్తకంలో మన దేశం వాటా నూటికి 40. సగానికి దగ్గరగా అమ్మే అంగడి రాత్రికి రాత్రి తలుపు వేసుకుంటే సంతలో గగ్గోలు పుట్టదా? థాయ్ బియ్యం ఆగస్టులో టన్ను 600 డాలర్లు దాటి పదిహేనేళ్లలో ఎన్నడూ లేని ధర పలికింది.

ఇక్కడ మనం నూకలు కోళ్లకు వేస్తాం. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్లో నూకలే అన్నం. పెళ్లికైనా, పండక్కయినా చేపతో వండుకునేది నూకలే. బెనిన్, టోగో, ఐవరీకోస్టు దేశాలు కూడా మన బియ్యం మీద ఆధారపడ్డవే. మనకు కిలోకు రూపాయో రెండో తగ్గించాలని పెట్టిన నిషేధం అక్కడి కూలివాడి పూట భోజనం మీద పడింది. తర్వాత కొన్ని దేశాలు అడిగితే ప్రభుత్వం కోటాలు ఇచ్చిన మాట నిజమే. కానీ అడిగి తెచ్చుకునే స్తోమత ప్రభుత్వాలకు ఉంటుంది గాని పేదవాడికి ఉండదు.

తెల్లబియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరు 28న, నూకలపై 2025 మార్చిలో ఎత్తేశారు. ఆ తర్వాత ప్రపంచ ధర కిందికి జారి, 2025లో థాయ్ బియ్యం 400 డాలర్లకు దిగువకు వచ్చింది. ధర ఎక్కువున్న రోజుల్లో మన రైతుకు రేవు మూసి, ధర పడిపోయాక తెరిచారన్నమాట. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఈ ఊగిసలాట మనకొక్కరికే కాదు. 2023 సెప్టెంబరులో బియ్యం ధరకు పైహద్దు పెట్టిన ఫిలిప్పీన్స్, రెండేళ్లు తిరిగేసరికి 2025 సెప్టెంబరులో తన రైతును కాపాడుకోవడానికి బియ్యం దిగుమతే ఆపేసింది. ఒకసారి తినేవాడికి ఏడుపు, మరోసారి పండించేవాడికి ఏడుపు.

ఎక్కడి యుద్ధమో, ఇక్కడి బస్తా

మూడో కారణం చమురు, ఎరువు, యుద్ధం. ఈ మూడూ అన్నదమ్ములు. 1973లో అరబ్బు దేశాలు చమురు ధర పెంచగానే ఎరువుల ధర, ఆ వెంటనే గింజల ధర పెరిగాయి. యూరియా తయారయ్యేది సహజవాయువుతో. ట్రాక్టరు, కోత యంత్రం, లారీ, ఓడ నడిచేది డీజిలుతో. చమురు ధర పెరిగిందంటే దుక్కి నుంచి దుకాణం దాకా అన్నిటి ధరా పెరిగినట్టే.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. మార్చి నాటికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కట్టే ఆహార ధరల సూచిక అంతకుముందెన్నడూ ఎరుగని ఎత్తుకు చేరింది. పొటాష్‌కు మన దేశం పూర్తిగా పరాయి దేశాల మీద ఆధారపడి ఉంది. రష్యా, దాని పొరుగునున్న బెలారస్ పెద్ద ఉత్పత్తిదారులు. ఆ ఏడాది పొటాష్ బస్తా 1,700 రూపాయలైంది. పొద్దుతిరుగుడు నూనె ఉక్రెయిన్ నుంచి రావాలి. రాలేదు. అదే అదనుగా ఇండొనేషియా 2022 ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతి నిలిపివేసింది. నెల తిరక్కముందే ఎత్తేసింది గాని, ఈలోగా మన పల్లె వంటింట్లో బూరె, గారె బంద్ అయ్యాయి. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటూ స్వయంసమృద్ధి అని చెప్పుకోవడం మనల్ని మనం మోసగించుకోవడమే.

యుద్ధం ధరతోనే పోదు. నేరుగా నోటి దగ్గర కూడు లాగేస్తుంది. సూడాన్ దేశంలో నైలు నది నీటితో సాగయ్యే గెజీరా ఆయకట్టు ఆఫ్రికాలోకెల్లా పెద్దది, మన డెల్టా వంటి భూమి. అంతర్యుద్ధం 2023 ఏప్రిల్‌లో మొదలైంది. 2024 ఆగస్టులో ఆ దేశంలోని జంజం శిబిరంలో కరువు ఉందని అంతర్జాతీయ నిపుణులు నిర్ధారించారు. 2025 ఆగస్టులో గాజాలోనూ కరువును నిర్ధారించారు. సరిహద్దు అవతల లారీల నిండా తిండి ఉంది. ఇవతల పసిబిడ్డలు ఎండిపోయారు. దీనికి వాన కారణమా? జనాభా కారణమా?

ఇందుకు ఎదురు ఉదాహరణ జపాన్. 2024, 2025 సంవత్సరాల్లో అక్కడ బియ్యం ధర రెట్టింపైంది. “నేనెన్నడూ బియ్యం కొనలేదు, అభిమానులే ఇస్తుంటారు” అన్న అర్థంలో మాట్లాడిన వ్యవసాయ మంత్రి 2025 మేలో రాజీనామా చేయవలసి వచ్చింది. ప్రభుత్వం తన నిలువలు బజారులోకి వదిలింది. ధర రెట్టింపైనా అక్కడ ఆకలి చావులు లేవు. ఎందుకు? జనం చేతిలో సంపాదన ఉంది, సర్కారు చేతిలో నిలువ ఉంది, తప్పు మాట్లాడిన మంత్రిని నిలదీసే జనం ఉన్నారు. ధర వేరు, ఆకలి వేరు. కూలికి పని, పనికి కూలి, కూలికి తగిన కొనుబడి లేనిచోటనే ధర ఆకలిగా మారుతుంది.

రూపాయిలో రైతుకెన్ని పైసలు?

ధర పెరిగిందంటే ఆ డబ్బు రైతు మొలలో పడిందనుకునేవారు పట్నాల్లో చాలామంది ఉన్నారు. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో వెలువరించిన అధ్యయనం ఈ భ్రమ తీర్చింది. కొనేవాడు ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36 పైసలు, బంగాళాదుంపలో 37 పైసలు. మిగతాది దారిలో రవాణా, దళారి, హోల్‌సేలు, చిల్లర వర్తకుల మధ్య కరిగిపోతోంది. కుళ్లిన సరుకు నష్టం కూడా అందులోనే.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో నూటయాభై దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల లోపుకు పడింది. జూలైలో “టమాటా రైతు కోటీశ్వరుడు” అని మురిసినవారు సెప్టెంబరులో రోడ్డు పక్కన పారబోసిన పంటను చూసి జాలిపడ్డారు. 2025లో కర్నూలు ఉల్లి రైతుకు ఇదే గతి పడితే రాష్ట్ర ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనవలసి వచ్చింది.

వరి సంగతి చూద్దాం. 2025–26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మన లెక్కన 75 కిలోల బస్తాకు 1,777. కాగితం మీద ఇది బాగానే ఉంది. తేమ శాతం వంకతో, తరుగు పేరుతో, గోనెసంచులు రాలేదన్న సాకుతో కల్లంలో కోత పెడితే చేతికొచ్చేదెంత? 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపానుకు ఈనిక మీదున్న చేలు పడిపోయాయి. పడిపోయిన చేనుకూ కౌలు మాత్రం నిలబడే ఉంటుంది. కోనసీమలో దున్నేవారిలో ఎక్కువమంది కౌలుదారులే. కౌలు బస్తాల్లో కొలిచేది భూమి యజమానికి. ధర పెరిగితే లాభం ఆయనకు, పంట పోతే నష్టం కౌలుదారుకు.

ఇక వ్యవసాయ కూలి. నాటు వేసేది ఆమె, కోత కోసేది ఆమె. సంవత్సరంలో ఎక్కువ నెలలు బియ్యం, పప్పు, నూనె కొనుక్కు తినేదీ ఆమే. కనుక “ధర పెరిగితే పల్లె బాగుపడుతుంది” అని గుండుగుత్తగా అనడమూ తప్పే. ధరతో పాటు కూలి పెరగాలి.

నిలువలున్నా నిర్వాకం లేదు

“ఎగుమతులు వదిలేస్తే మన పేదవాడి మాటేమిటి?” అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు రేవు మూయడం కాదు, గోదాము తెరవడం. 2025 ఏప్రిల్ 1 నాటికి కేంద్రం దగ్గర మరపట్టని ధాన్యంతో కలిపి బియ్యం నిలువ 630 లక్షల టన్నులు. ఉండవలసింది 136 లక్షల టన్నులు. నాలుగున్నర రెట్లు పైగా ఉంది! పెట్టుకోవడానికి చోటు లేక ఆ ఏడాది 52 లక్షల టన్నుల బియ్యాన్ని ఇథనాల్ కర్మాగారాలకు కేటాయించారు. సేకరణ, నిలువ, రవాణా కలిపి కిలోకు దాదాపు 40 రూపాయలు ఖర్చయిన బియ్యాన్ని 22 రూపాయల 50 పైసలకు ఇచ్చారు. పెట్రోలు దిగుమతి తగ్గడం మంచిదే. కానీ కడుపు నిండని దేశంలో కారు ట్యాంకుకు రాయితీ బియ్యం పోయడం ఏ ధర్మం?

రేషన్ బియ్యం కథ మరొకటి. 2024 చివర్లో కాకినాడ రేవులో ఒక ఓడలో రేషన్ బియ్యం బయటపడి రాష్ట్రమంతా గగ్గోలైంది. దొంగలను పట్టుకోవలసిందే. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. పేదవాడు తన బియ్యం ఎందుకు అమ్ముకుంటున్నాడు? ఒట్టి బియ్యంతో కడుపు నిండదు గనుక. పప్పుకు, నూనెకు, కూరకు రొక్కం కావాలి గనుక. కొందరికి ఆ బియ్యం తినబుద్ధి కాదు గనుక. తెలంగాణలో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. తినే బియ్యం ఇస్తే అమ్ముకునే అవసరం తగ్గుతుందన్నది అక్కడి ఆలోచన. 1983లో కిలో రెండు రూపాయల బియ్యంతో మన రాష్ట్రం దేశానికి దారి చూపింది. నలభై ఏళ్ల తర్వాత కూడా బియ్యం దగ్గరే ఆగిపోతే ఎలా?

కావలసిందేమిటి?

మొదటిది, ఎగుమతి విధానం పంట కాలానికి ముందే చెప్పాలి. నాట్లు వేశాక, కోతలు కోశాక తలుపులు మూయకూడదు. ధర మరీ పెరిగితే కొద్దిపాటి సుంకం వేసుకోవచ్చు. నిలువలు బజారులోకి వదలవచ్చు. రాత్రికి రాత్రి నిషేధం మాత్రం వద్దు.

రెండోది, మద్దతు ధర కాగితం మీద కాక కాటా మీద కనపడాలి. కోతలకు ముందే గోనెసంచులు, తేమ యంత్రాలు ఊరికి చేరాలి. సాగు చేసే కౌలుదారు పేరు మీదే ధాన్యం కొని, సొమ్ము అతని ఖాతాలోనే వేయాలి.

మూడోది, రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు కందిపప్పు, నూనె నెలనెలా తప్పకుండా ఇవ్వాలి. కావలసిన అపరాలు, నూనెగింజలు మన రైతు చేతే పండించి గిట్టుబాటు ధరకు కొంటే విదేశాల తుమ్ముకు మనకు జలుబు చేయదు.

నాలుగోది, పని లేని నెలల్లో కూలికి పని, చేసిన పనికి ఆలస్యం లేని కూలి. కరువును ఆపే మొదటి ఆనకట్ట అదే. నూట యాభై ఏళ్ల కిందటి ధాత కరువు చెప్పిన పాఠమూ అదే.

అయిదోది మన చేతిలోనిది. మురుగు కాల్వ పూడిక తీయమని, కొనుగోలు కేంద్రం సకాలంలో తెరవమని గ్రామసభలో అడగాలి. తేమ చీటీ, కాటా చీటీ అడిగి తీసుకోవాలి. రైతూ కూలీ ఒకరినొకరు దొంగగా చూసుకోవడం మానాలి. రైతు అడిగే ధర, కూలి అడిగే కూలి రెండూ న్యాయమైనవే. ఆ రెంటి మధ్య మాయమవుతున్న 60, 70 పైసల లెక్క ఇద్దరూ కలిసి అడిగితేనే తేలుతుంది.

ఆకలి దేవుడు రాసిన రాత కాదు. ఎవరో ఒకరు సంతకం పెట్టిన కాగితం. నిషేధం మీద, కేటాయింపు మీద, యుద్ధం మీద పెట్టిన సంతకం. సంతకం పెట్టేవారిని ఎన్నుకునేది మనం. వచ్చే దాళ్వాకు విత్తనం నానబెట్టే ముందే మన పంచాయతీ నుంచి ఈ డిమాండ్లతో ఒక తీర్మానం కలెక్టరు బల్ల మీదికి పోవాలి.